తప్పును తప్పనే అనండి

అమెరికాలో నాకు ఎంతకీ మింగుడుపడని మాట ‘ఇనప్రాప్రియేట్’. మొన్న బడిలో ఒక పిల్లవాడు మా అమ్మాయిని జారుడుబల్ల మీంచి తోసేశాడు. మోచెయ్యి దోక్కుపోయింది. అది ‘ఇనప్రాప్రియేట్ బిహేవియర్’ అనీ, ఆ అబ్బాయి ‘పూర్ చాయిస్’ చేశాడనీ టీచరు ఈమెయిల్ రాసింది. చాయిస్ ఏమిటండీ! తోశాడు, పిల్లకి దెబ్బ తగిలింది, అది తప్పు.

క్లాసులో కబుర్లాడినా ఇనప్రాప్రియేటే, ఆఫీసులో ఆడపిల్లతో వెకిలిగా మాట్లాడినా ఇనప్రాప్రియేటే. 1998 ఆగస్టులో మోనికా లూయిన్‌స్కీతో సంబంధాన్ని టీవీలో ఒప్పుకుంటూ అప్పటి అధ్యక్షుడు క్లింటన్ కూడా ముందు అది ‘అప్రాప్రియేట్’ కాదన్నాడు. ఆ వెంటనే ‘రాంగ్’ అనీ అన్నాడు. నా లెక్కలో ఆ రెండో మాటే ఒప్పుకోలు.

అయితే ఆ టీచరమ్మ దగ్గర నాకు నచ్చింది ఒకటుంది. పిల్లవాడు చేసిన పనిని అంది గానీ పిల్లవాణ్ణి ఏమీ అనలేదు. మనకి ఆ అలవాటేదీ? గాడిద, శుంఠ, దద్దమ్మ అనకుండా మా మేష్టారికి పాఠం నడిచేది కాదు. భర్త పోయిన ఆడదాన్ని పిలిచే మాటనే ‘వెధవ’ అని తిట్టుగా చేసుకున్నాం. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అలాగని ఇక్కడంతా సున్నితమేనని మురిసిపోకండి. నేనుంటున్న టెక్సాస్‌లో బడిపిల్లల్ని చెక్కతో కొట్టడానికి చట్టం ఇప్పటికీ ఒప్పుకుంటుంది. బడిలో కొట్టడం రాజ్యాంగ విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 1977లోనే తేల్చింది. మన దేశంలోనో, 2009 నాటి విద్యాహక్కు చట్టం కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అమలు సంగతి ఎలా ఉన్నా, చట్టమైతే మనదే మేలు.

మా నాయనమ్మ ఏ చట్టమూ చదువుకోలేదు. పక్కింటి పిల్ల పలక నేను పగలగొడితే కొట్టలేదు, తిట్టలేదు. “తప్పు కదూ? లెంపలేసుకో” అంది. వేసుకున్నాను. తరవాత నా పలక నా చేతికే ఇచ్చి వాళ్లింటికి పంపింది. “ఇచ్చేసి రా, ఇంక నీ మీద ఎవరికీ కోపముండదు” అంది. నిజంగానే ఎవరూ ఆ ఊసెత్తలేదు. తప్పని ఒప్పుకుని, దిద్దుకుంటే అక్కడితో సరి. ఇనప్రాప్రియేట్ అన్నదానికి క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పాలి?

ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లకి నా మనవి ఇదే. బడిలో ఏమన్నా అననివ్వండి. ఇంట్లో మాత్రం పిల్లల్ని తిట్టకండి, తప్పుని తప్పని చెప్పడం మానకండి.