కందిగింజంత పేస్టు చాలు!

మే నెలలో నేరేడుచర్లలో కంప్యూటర్ నడపడమంటే మనతో పాటు దానికీ వడదెబ్బ తగలకుండా చూసుకోవడమే. ఫ్యాన్ ఎంత తిరిగినా ప్రాసెసర్‌ని గదిలో గాలి కంటే చల్లగా చేయలేదు. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర మొదలయ్యే లెక్క, మా రేకుల గదుల్లో 40 దగ్గర మొదలవుతుంది. చాలా ప్రాసెసర్లు 95-100 డిగ్రీలకు చేరితే వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి. ఇంకా వేడెక్కితే సిస్టమ్ టప్పున ఆగిపోతుంది.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. సరిగ్గా సీజన్‌లోనే నా సిస్టమ్ పది నిమిషాలకోసారి ఆగిపోవడం మొదలైంది. ఒక షాపులో చూపిస్తే, "ప్రాసెసర్ పోయింది తమ్మీ, బోర్డుతో సహా మార్చాలె. పద్దెనిమిది వేలు" అన్నారు. అది నాకు రెండు నెలల సంపాదన. సరే, ఒకసారి విప్పి చూద్దామని ఇంటికి తెచ్చుకున్నా. హీట్‌సింక్ తీస్తే, కింద పేస్టు ఎండిన చెరువు మట్టిలా పగుళ్లిచ్చి ఉంది. కొత్త పేస్టు ట్యూబు మూడొందల లోపే. అది పెట్టాక, అదే పనికి 98 చూపించిన టెంపరేచర్ 76 దగ్గర నిలబడింది.

అసలు ఈ పేస్టు చేసేదేంటి? చల్లబరచడం కాదు. ప్రాసెసర్ మీద, హీట్‌సింక్ అడుగున కంటికి కనిపించని గుంటలుంటాయి. వాటిలో గాలి చేరితే వేడి దాటదు. పేస్టు ఆ గాలిని తోసేసి గుంటలు నింపుతుంది. వేడిని మోయడంలో మంచి పేస్టు గాలి కంటే వందల రెట్లు నయం. కానీ రాగి ముందు పదుల రెట్లు వెనకే. అందుకే మందంగా పూస్తే లాభం లేదు. గోడకు లప్పం పెట్టినట్టే అనుకోండి. గుంటలు పూడ్చడానికే లప్పం, దానితో గోడ కట్టం కదా!

పని ఇలా చేయండి. ముందు సిస్టమ్‌ని కొన్ని నిమిషాలు నడపండి, పాత పేస్టు మెత్తబడుతుంది. తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, హీట్‌సింక్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. ఏఎం4 రైజెన్‌లలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఒక్కసారిగా లాగితే అది కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బట్టతో పూర్తిగా తుడవండి. మధ్యలో కందిగింజంత పేస్టు పెట్టండి. వేలితో పూయొద్దు, హీట్‌సింక్ బిగించినప్పుడు పడే ఒత్తిడే దాన్ని పరుస్తుంది. స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకసారి ఆనించి మళ్లీ పైకెత్తితే మధ్యలో గాలి చేరుతుంది. తుడిచి కొత్తగా పెట్టాల్సిందే. కొత్త కూలర్ అయితే అడుగున ప్లాస్టిక్ పొర ఉందేమో చూసి తీయండి. పేస్టు ముందే పూసి వస్తే మళ్లీ పెట్టక్కర్లేదు.

మా దగ్గర చాలా ఇళ్లల్లో ఉండేవి సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లే. పిల్లల ఆన్‌లైన్ క్లాసులైనా, జాబ్ అప్లికేషన్లైనా వాటి మీదే. అవి ఆగిపోతే అటకెక్కించే ముందు, హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వేడి చూడండి. షాపులో ప్రాసెసర్ పోయిందంటే కూడా జేబులో చెయ్యి పెట్టకముందే ఒక్క మాట అడగండి: "టెంపరేచర్ ఎంత చూపించిందన్నా?"