తీగచట్రము – తిరుగు బొమ్మ

కరీంనగరమునందలి వెండితీగ పనివారు నెమలిని చేయదలచినప్పుడు మొదట దాని రూపమును దళసరి తీగతో చట్రముగా వంచుదురు. పిమ్మట వెండ్రుకవంటి సన్నని తీగలను మెలిపెట్టి, చుట్టలుగా చుట్టి, ఆ చట్రములో నింపి అతుకుదురు. ఈ పనికి 2007వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. గోదావరి కావలనున్న నిర్మల పట్టణమున నకాషీ పనివారి పద్ధతి వేఱు. వారు తేలికయైన పొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురుతో భాగములనతికి, రంగులు పూసి పండ్లను, పక్షులను, మృగములను సృష్టింతురు. ఒకరిది తీగతో కట్టిన రూపము. మఱియొకరిది నిండైన రూపము. కంప్యూటరు తెరపై ఘనాకారములను గీయ నేర్చుకొను విద్యార్థి ఈ రెండు మార్గములను వరుసగా నడువవలసి యుండును.

తెర పలకవలె చదునైనది. దానికి పొడవు, వెడల్పు కలవు గాని లోతు లేదు. అట్టి పలకపై ఘనమును చూపుట యెట్లు? సమఘనమునకు 8 శీర్షములు, 12 అంచులు, 6 ముఖములు కలవు. విద్యార్థి మొదట ఎనిమిది శీర్షములను సంఖ్యలతో గుర్తించును. ప్రతి శీర్షమునకు మూడేసి సంఖ్యలు: కుడియెడమల దూరము ఒకటి, ఎత్తు ఒకటి, లోతు ఒకటి. పిమ్మట ఏ శీర్షమును దేనితో కలుపవలెనో తెలుపు పన్నెండు జతల పట్టికను వ్రాయును. ఇంతమాత్రముననే కరీంనగరపు పనివాని చట్రమువంటి తీగబొమ్మ సిద్ధమగును. అమెరికాలో ఐవాన్ సదర్లాండు అను పరిశోధకుడు 1963లో స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును రచించి, కాంతికలముతో తెరపై గీతలు గీయు మార్గమును చూపెను. తల త్రిప్పిన కొలది కన్నులయెదుట తీగచట్రములు తదనుగుణముగా మాఱునట్టి సాధనమును ఆయనయే 1968లో ప్రదర్శించెను.

ఇక బొమ్మను త్రిప్పవలెను. తిరుగుట యనగా ప్రతి శీర్షమునకును క్రొత్త స్థానమును లెక్కించుటయే. కేంద్రమునకు సరిగా కుడివైపున 10 అంగుళముల దూరమున నున్న బిందువును 30 డిగ్రీలు త్రిప్పినచో, అది కుడివైపునకు 8.66 అంగుళములు, పైకి 5 అంగుళములు గల చోటికి చేరును. ఈ రెండింటి వర్గములను కూడినచో దాదాపు 100 వచ్చును. అనగా బిందువు స్థానము మాఱినను కేంద్రమునుండి దాని దూరము మాఱలేదు. ఇందు తోడ్పడు కొలతలను సైను, కొసైను అందురు. ఇవి మనకు పరాయివి కావు. ఆర్యభటుడు క్రీ.శ. 499లో రచించిన గ్రంథమున వీటికి మూలమైన జ్యల పట్టిక కలదు. ‘జ్య’ యనగా వింటి నారి. మన ‘జీవా’ శబ్దము అరబ్బుల నోట మాఱి, లాటిను అనువాదమున ‘సైనస్’ అయి, ‘సైను’ అను పేరుతో తిరిగి మన పాఠశాలకే చేరినది.

అయినను సూత్రము తెలిసినంతనే బొమ్మ చెప్పినట్లు తిరుగదు. నేర్చుకొనువారికి సాధారణముగా మూడు చిక్కులెదురగును.

మొదటిది కేంద్రము. బొమ్మను బొంగరమువలె తన చుట్టు తాను త్రిప్పవలెనని విద్యార్థి కోరును. అది గానుగెద్దువలె తెరయంతయు చుట్టివచ్చును. సూత్రము ఎల్లప్పుడును మూలబిందువు చుట్టే త్రిప్పును గాని బొమ్మ నడిమి చుట్టు త్రిప్పదు. కావున ముందు బొమ్మ నడిమిని మూలబిందువునకు జరిపి, త్రిప్పి, మరల స్వస్థానమున నుంచవలెను.

రెండవది వరుస. ఒక పుస్తకమును అట్ట పైకి, వెన్ను ఎడమకు ఉండునట్లు బల్లపై పెట్టుడు. ఆవలి అంచును పైకెత్తి నిలువబెట్టి, తరువాత గడియారపు ముల్లు తిరుగు వైపునకు పావు చుట్టు త్రిప్పుడు. అట్ట మీ యెడమవైపు చూచును. మరల మొదటివలె పెట్టి, ముందు పావు చుట్టు త్రిప్పి, తరువాత ఆవలి అంచునెత్తుడు. ఈసారి అట్ట మిమ్ములనే చూచును. వెన్ను పైకి వచ్చును. చేసిన పనులు రెండును అవియే. వరుస మాఱుటచే ఫలము మాఱినది.

మూడవది మూలరక్షణము. 8.66 అనునది ఉజ్జాయింపు. నిజమైన విలువ దానికంటె కొంచెము ఎక్కువ. త్రిప్పగా వచ్చిన సంఖ్యలనే మరల మరల త్రిప్పుచు, ప్రతిసారి కొసైనును 0.866గానే గ్రహించినచో, వేయి మార్లు తిరుగునప్పటికి 10 అంగుళముల బొమ్మ దాదాపు 9.78 అంగుళములకు కుంచించుకొనిపోవును. మొదటి కొలతలను చెక్కుచెదరక దాచి, ప్రతిసారి వాటినుండియే లెక్కించుట వివేకవంతుల పని.

మంచిర్యాల స్టేషనులో నిలిచి చూచిన రైలుపట్టాలు దూరమున కలిసినట్లు తోచును. ఆ భ్రాంతిని తెరపై కల్పించుటకు వెడల్పును, ఎత్తును దూరముచే భాగించిన చాలును. దూరము రెట్టింపైన వస్తువు సగమై కనబడును. అయినను తీగబొమ్మలో ముందుభాగమేదో వెనుకభాగమేదో తేలదు. అట్టి సమఘనము చూచుచుండగనే లోపలిది వెలుపలిదిగా తోచునని నెకర్ అను శాస్త్రజ్ఞుడు 1832లోనే గమనించెను. ఆ సందేహము తీరవలెనన్న ముఖములను రంగుతో నింపి, వెనుకనున్న వానిని మఱుగుపఱచవలెను. సమఘనములో ఒక్కసారిగా మూడు ముఖములకు మించి కనబడవు. తీగబొమ్మ నిర్మలబొమ్మగా మాఱుట యిక్కడనే.

అయితే మఱుగైన మూడు ముఖములకును పట్టికలో స్థానముండవలసినదే. వానిని వ్రాయని బొమ్మ, మఱియొక వైపునకు తిరిగినంతనే చిల్లుపడి కనబడును. నకాషీ పనివాడు కొనువారికి కనబడని అడుగుభాగమును కూడ నునుపు చేయుట యిందుకే.

నేడు పొణికి కఱ్ఱ దొరకుట కష్టమైనది. తండ్రి చేతిపనిని నేర్చుకొను కుమారులు తగ్గుచున్నారు. ఒక పనివాడు పోయినచో అతని వ్రేళ్లకు తెలిసిన ఆకారములును పోవును. నిర్మలకు సమీపముననే బాసరలో 2008లో నెలకొనిన సాంకేతిక విశ్వవిద్యాలయమున గ్రామీణ బాలబాలికలు కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. అట్టి విద్యార్థి నిర్మల చిలుకను శీర్షశీర్షము కొలిచి పట్టికకెక్కించినచో, దానిని ఏ దేశమువారైనను అన్ని వైపుల త్రిప్పి చూడగలరు. ఉలి పట్టు బలమును, పొణికి కఱ్ఱ తేలికదనమును ఆ పట్టిక చెప్పజాలదు; వానిని పనివాని ప్రక్కన కూర్చుండి నేర్వవలసినదే. కాని ఆకారమైనను నిలిచినచో, రేపు నేర్వగోరువానికి ఎదుట ఒక మాదిరి యుండును. ఎనిమిది శీర్షముల సమఘనముతో ఆరంభించిన బాలునకు ఆ పని అందనిది కాదు.