తరవాణి క్యాను, నలభై రూపాయల పడవ



ఈ ఏడాది వేసవి కలయిక రంభలో పెట్టాలా, గోపాల్‌పూర్‌లో పెట్టాలా అని వారం రోజులుగా మనవాళ్లు తర్జనభర్జన పడుతున్నారు. రంభ పేరు వినగానే మా నలుగురి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఆ సంగతి రాసెయ్యాలి, ఇంకా ఎన్నాళ్లు దాస్తాం అని అందరం ఒక మాట మీదికి వచ్చాం. అందుకే నలుగురి తరఫునా ఈ రాత. కాస్త పొడుగే. మధ్యాహ్నం కునుకు తీసే ముందు చదువుకోండి.

1987 మే నెల. బరంపురంలో మా కాలేజీ పరీక్షలు అయిపోయాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సినిమా హాల్లో హిందీ. జేబులో మాత్రం ఏ భాషలోనూ డబ్బుల్లేవు. మాలో కెమిస్ట్రీ చదివినవాడొకడు ఉన్నాడు (ఇప్పుడు పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, పేరు రాస్తే ఊరుకోడు). ఇంగ్లీషు పుస్తకమేదో చదివి వచ్చి, "అల్లం బీరు ఇంట్లోనే చెయ్యొచ్చురా" అన్నాడు. బీరు అన్న మాట చెవిన పడితే ఆ వయసులో ఇంక అల్లం ఎక్కడ వినిపిస్తుంది?

పావుకిలో అల్లం దంచాం. పంచదార, నిమ్మకాయలు, బేకరీలో బతిమాలి తెచ్చిన ఈస్టు. పాత స్క్వాషు సీసాలు పన్నెండు కడిగి, నింపి, బిరడాలు బిగించి, పైన కొవ్వొత్తి మైనం కూడా పోశాం. తప్పంతా అక్కడే జరిగింది. ఈస్టు పంచదారని తిని సారాయీ గాలీ రెండూ పుట్టిస్తుంది. ఆ గాలికి దారి ఉండాలి. చలిదేశాల వాళ్లు రాసిన లెక్క ప్రకారం మేం వారం రోజులు ఆగుదామనుకున్నాం. బరంపురం మే నెల ఎండ ఆ పుస్తకం చదవలేదు.

మూడో రాత్రి మేడమీద గదిలో మొదటి సీసా పేలింది. తర్వాత వరసగా ఇంకో మూడు. వీధివాళ్లంతా పెళ్లి బాణాసంచా అనుకున్నారట. మామ్మ ఆ సాయంత్రమే ఎండలోంచి తీసి లోపల పెట్టిన గుమ్మడి వడియాల చేటలు కూడా ఆ గదిలోనే ఉన్నాయి. వడియాలనిండా గాజుముక్కలు. ఆ ఏడాది వడియాలు మొత్తం పెంటకుప్ప పాలయ్యాయి. మామ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేం, సంఘంలో పిల్లలు కూడా ఉన్నారు. మిగిలిన ఎనిమిది సీసాలనీ గోనెసంచి కప్పి, దూరంగా నిలబడి, కర్రతో బిరడాలు ఊడగొట్టి, తూములో పారబోశాం. ఒక్క గుక్క కూడా తాగలేదంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

రెండ్రోజుల తర్వాత కోపం చల్లారి మామ్మే పిలిచింది. "పులియబెట్టడమంటే పేలబెట్టడమా నాయనా? ఇలా రండి" అని వంటింటి మూలన ఉన్న కుండ చూపించింది. తరవాణి కుండ. పుట్టినప్పటినించీ ఆ మూలనే ఉంది, మాకే కంటికి ఆనలేదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, ఉప్పు, రెండు దబ్బాకులు వేసి, కుండకి గుడ్డ కట్టాలి. బిగించకూడదు, ఊపిరాడాలి. మూడో నాటికి పులుపెక్కుతుంది. పైన తేరిన నీళ్లు తీసుకున్నకొద్దీ కొత్త గంజి పోస్తూ ఉండాలి. కుండ మాత్రం పూర్తిగా ఖాళీ కాకూడదు. ఇక్కడ పనిచేసేది పెరుగుని తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులట. కెమిస్ట్రీవాడు అదీ వివరించబోయాడు గానీ మామ్మ "నువ్వు నోరుమూసుకో" అంది. ఆ కుండలో చద్దన్నం నానేసి, మాగాయ ముక్క నంజుకుంటే ఎండ ఎండలా ఉండదు. ఒడియా ఇళ్లల్లో పఖాళ నీళ్లని తొరాణి అంటారు. మా తరవాణి, వాళ్ల తొరాణి. ఎవరింటినించి ఎవరింటికి వెళ్లిందో, రెండు కుండలూ పక్కపక్క వీధుల్లోనే ఉన్నాయి.

దీవికి వెళ్దామన్న ఆలోచన ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. గెలిచిందని ఒకడు, మునిగిందని ఇంకొకడు తనదే అంటాడు. మామ్మ పాలక్యానునిండా తరవాణి పోసి ఇచ్చింది. ఉల్లిపాయలు, చద్దన్నం మూట, పేకముక్కలు, తాగడానికి మంచినీళ్లు. తెల్లారగట్ల ప్యాసింజరెక్కాం. ఛత్రపురం, గంజాం, హుమ్మా దాటి రంభ. దారిలో ఉప్పుమళ్లు ఎండకి తెల్లగా మెరుస్తూ కళ్లు పొడుస్తాయి, చూసినవాళ్లకి తెలుసు.

చిలికా గురించి మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటే సరస్సు ఎండాకాలంలో 900 దాకా కుంచించుకుపోతుంది. విదేశీ పక్షులు చలికాలంతోనే వెళ్లిపోతాయి. అప్పుడు అక్కడికి వెళ్లేది మాలాంటివాళ్లే. బ్రేక్‌ఫాస్ట్ దీవికి పడవ కావాలని రేవులో అడిగితే, వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన లేచాడు. పక్కన పన్నెండేళ్ల కుర్రాడు. ఒడియాలో మాట్లాడాడు, మాలో ఒకడు ఒడియాలోనే బేరం మొదలెట్టాడు. ఆయన అరవై అన్నాడు.

ఇక్కడినించీ రాయడం కష్టంగా ఉంది.

మిగిలిన ముగ్గురం ఆయన పక్కనే నిలబడి తెలుగులో సలహాలిచ్చాం. "నలభై అనరా, చచ్చినట్టు దిగుతాడు. ఈ ఎండల్లో వీడికి బేరాలెక్కడివి" అని ఒకడు. "ముసలాడు పడవకంటే పాతగా ఉన్నాడు, ముందు ఏది మునుగుతుందో పందెం" అని ఇంకొకడు. అందరం నవ్వాం. ఆయన మా మొహాలకేసి ఒకసారి చూసి, నలభైకి సరేనన్నాడు. దారిపొడుగునా అదే వరస. ఆయన చొక్కా మీద, చుట్ట మీద, కుర్రాడి చెవుల మీద జోకులు. బరంపురం వీధుల్లో పెరిగినవాళ్లకి ఇది అలవాటే. నలుగురిలో తెలుగంటే మాకు తలుపేసుకున్న గది.

దీవిలో పగలంతా బ్రహ్మాండంగా గడిచింది. ఖల్లికోట రాజులు కట్టించారని చెప్పే పాడుబడ్డ బంగళా నీడలో పేకాట. మోకాలిలోతు నీళ్లలో మునగడం. దారిలో జాలర్ల దగ్గర కొన్న రొయ్యలు ఎండుపుల్లల మీద కాల్చుకోవడం. సగం మాడాయి, అయినా అంత రుచి మళ్లీ దొరకలేదు. ముసలాయన్ని తినమని పిలిచామా లేదా అన్న దగ్గర మా నలుగురికీ నాలుగు జ్ఞాపకాలున్నాయి. పిలవలేదనే మా అనుమానం.

మూడున్నరకి బయల్దేరాం. పడమట కొండల మీద మబ్బు నల్లగా దిగుతోంది. కాళబైశాఖి అని ఒడియావాళ్లు చెప్పుకునేదే. అరగంట ముందే లేవమని ఆయన చెప్పాడు, మేం ఇంకో ఆట అన్నాం. నడినీళ్లకి వచ్చేసరికి గాలి ఒక్క విసురు విసిరింది. తెరచాప గుంజుకుని పడవ పక్కకి ఒరిగింది, నీళ్లు లోపలికి దూకాయి. మాలో ఇద్దరికి ఈత రాదు. ఒకడు లేచి నిలబడి అరవడం మొదలెట్టాడు.

అప్పుడు వినిపించింది.

"ఒరే గుంటా, చాప దింపు! దింపరా! గెడ ఎయ్యి! బాబూ, నువ్వు కూకో! నిలబడితే అందరం పోతాం, నడుమకొచ్చి కూకోండి! ఆ క్యాను మూత తియ్యండి, నీళ్లు తోడండి!"

మామ్మ మాట్లాడేలాంటి తెలుగే. ఇంకొంచెం సముద్రం కలిసిన తెలుగు. మేం బొమ్మల్లా ఆయన చెప్పినట్టు చేశాం. క్యాను మూతతో ఒకడు, చెప్పులతో ఇద్దరు నీళ్లు తోడాం. కుర్రాడు గెడ అడుగుకి ఆనించి, కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాడు. ముందుకి పోలేమని ఆయన పడవని మళ్లీ దీవివైపే తిప్పాడు. ఎంతసేపు పట్టిందో తెలీదు. మూత ఎప్పుడు చేజారిందో కూడా తెలీదు. ఒడ్డు తగిలాక మాలో ఒకడు ఏడ్చాడు. అది ఎవడో రాయకూడదని ఒప్పందం.

గాలివాన రాత్రిదాకా తగ్గలేదు. బంగళా గోడ పక్కన ఆరుగురం ముడుచుకు కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు. పొద్దున్నించీ అన్న ఒక్కో మాటా గుర్తొచ్చి మెడ వంగిపోతోంది. చివరికి ఆయనే క్యాను వైపు చూపించి, "అందులో ఏటుంది బాబూ?" అన్నాడు. తరవాణి అన్నాం. ఆ కుదుపుల్లో సగం ఒలికిపోగా సగం మిగిలింది. ఒకే లోటాలో వంతులవారీగా తాగాం. ఆయన రెండు గుటకలు వేసి, "ఉప్పు సరిపోలేదు. మాయమ్మ అయితే ఇందులో ఎండుమిరగాయ ఎయ్యించేది" అన్నాడు.

వాళ్లది గోపాల్‌పూర్ దగ్గర పల్లె. తాతల కాలంలో సోంపేట కాడనించి తెప్పలేసుకుని వచ్చారట. ఒడియావాళ్లు నోలియాలంటారు. పూరీ ఒడ్డున యాత్రికుల చెయ్యి పట్టుకుని స్నానాలు చేయించేవాళ్లూ వాళ్ల తాలూకే. ఇంట్లో మాట తెలుగే, బడి మాత్రం లేదు. కుర్రాడికి మూడు భాషలు వచ్చు, మూడింటిలోనూ ఒక్క అక్షరం రాదు. ఇదంతా చెప్పాడు గానీ, పొద్దున మేం అన్నవాటి గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

తెల్లారి రంభ రేవులో దిగాక ఉన్నదంతా ఊడ్చి వంద రూపాయలు పోగుచేసి ఇచ్చాం. ఆయన లెక్కపెట్టి నలభై తీసుకుని, మిగతావి మా చేతిలో పెట్టాడు. "నలబైకి ఒప్పుకున్నాను గదా బాబూ. ఆ మాట మీరు తెలుగులోనే అన్నారు, నేనూ తెలుగులోనే ఇన్నాను" అన్నాడు. కోపం లేదు, నవ్వూ లేదు. కుర్రాడు మాత్రం కొంచెం నవ్వాడు.

ఆయన పేరు అడగలేదు మేము. సిగ్గుతో అడగలేదని అనుకునేవాళ్లం. ఇప్పుడు చూస్తే, పేరడగాలన్న ఆలోచనే రాలేదేమో అనిపిస్తోంది.

ఈ మధ్య మన సభ్యుల పట్టిక తిరగేశాం. వ్యాపారం, ఉద్యోగం, పట్టునేత, అధ్యాపకులు, వైద్యులు ఉన్నారు. వృత్తి అన్న చోట చేపలవేట అని రాసినవాళ్లు ఒక్కరూ లేరు. గోపాల్‌పూర్ మనకి పదహారు కిలోమీటర్లు. ఉగాదికి బస్సు వేసుకుని అక్కడి ఒడ్డున పులిహోర తిని వచ్చిన ఏళ్లున్నాయి. ఆ ఒడ్డున తెలుగులో వలలు లాగుతున్నవాళ్లని పిలిచిన ఏడు లేదు. ఇది కార్యవర్గం మీద నింద కాదు. మా నలుగురిలో ఇద్దరం కార్యవర్గంలో ఉన్నవాళ్లమే, మేమూ పిలవలేదు.

కాబట్టి మా ఓటు గోపాల్‌పూర్‌కే. వచ్చే ఆదివారం పొద్దున్నే మేం నలుగురం ఆ పల్లెకి వెళ్తున్నాం, సభ్యత్వం ఫారాలు పట్టుకుని. అక్షరాలు రానివాళ్లకి నింపిపెట్టడానికి చేతిరాత బాగున్నవాళ్లు ఇద్దరు మాతో రావాలి. తరవాణి పులియబెట్టే పని కెమిస్ట్రీవాడిది, ఈసారి ఉప్పు సరిగ్గా వేస్తానన్నాడు, ఎండుమిరపకాయలు కూడా. లోటాలు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. క్యాను ఉంది, మూత లేదు. అది చిలికాలో ఉంది.