పిడుగురాళ్ల పిల్లకి సున్నం కావాలట

పోయిన వారం ఆపిన చోటి నుంచి కాకుండా ఈ వారం వేరే సంగతి రాస్తున్నాను. చాలా రోజులుగా రాయనా వద్దా అని నానుస్తున్నది. ఆ పిల్ల ఒప్పుకుంది కాబట్టి రాస్తున్నా. పేరు మాత్రం వద్దంది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

"మేడమ్, సున్నం ఎక్కడ దొరుకుద్ది?"

2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి డాలస్ నుంచి ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్లది పిడుగురాళ్ల. వాళ్ళమ్మ ఇప్పటికీ సున్నపు బట్టీలో పనికి పోతుంది. మా అమ్మా పోయింది. మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు బస్సు దిగగానే ముందు చూసేది తెల్లగా దుమ్ము పట్టిన చెట్లని. రాయీ బొగ్గూ వరసలు వరసలుగా పేర్చి కాల్చే బట్టీలు, కింద నుంచి లాగే కాలిన సున్నం, గంపల్లో మోసే ఆడవాళ్ళు, వాళ్ళ వేళ్ళ సందుల్లో పగుళ్ళు. చిన్నప్పుడు సున్నపు గుంట దగ్గరికి పోతే వీపు పగిలేది. నీళ్ళు పడితే కుతకుతా ఉడుకుద్ది అది. అట్లాంటి ఊరి పిల్ల అమెరికాలో కూచుని సున్నం దొరకట్లేదని ఏడుస్తోంది. అక్కడి దుకాణంలో 'లైమ్' అని అడిగితే నిమ్మకాయలు చూపించారంట.

"ఇంతకీ సున్నం ఎందుకే నీకు? ఇంటికి వెల్ల వేస్తావా?"

"కాదు మేడమ్. డప్పు చేసుకుందామని."

అక్కడ ఒక ఇరవై మంది దాకా మనవాళ్ళు ఏటా ఏప్రిల్ 14న పార్కులో కలుస్తారట. బాబాసాహెబ్ ఫోటో పెడతారు, కేకు కోస్తారు, పిల్లలతో మాట్లాడిస్తారు. ముందటి ఏడు స్పీకర్లో డప్పు మోత పెట్టుకుని అడుగులేశారట. "సిగ్గేసింది మేడమ్. డబ్బా పాడతంటే మనం ఎగరడమేంది" అంది.

ఇక్కడి నుంచి ఒకటి పంపిస్తే పోలా అన్నాను. ఆ సంగతి అప్పటికే కనుక్కుంది. ఊనని పచ్చి తోలు వస్తువంటే విమానాశ్రయాల్లో తనిఖీలు, ఆంక్షలు ఉంటాయి. దానికి కారణం లేకపోలేదు. 2006లో ఆఫ్రికా నుంచి తెచ్చిన మేకతోళ్ళతో డ్రమ్ములు చేసే ఒక కళాకారుడికి న్యూయార్క్‌లో ఆంత్రాక్స్ సోకింది. తోలు గీకేటప్పుడు లేచే దుమ్ములో ఆ బీజాలు ఉంటాయి. కాబట్టి అక్కడే, తనిఖీ జరిగే కబేళా నుంచి తోలు తెచ్చుకుని చేసుకోవడం మేలనుకుంది. తెలివైన పిల్ల. నా క్లాసులో వెనక బెంచీలో కూచునేది గానీ.

మొదట చేతిపనుల సామాన్లమ్మే పెద్ద దుకాణానికి పోయిందట. మన సంతపేటంత ఉంటుందట ఒక్క దుకాణం. ఊలు ఒక వరస, పూసలు ఒక వరస, రంగులు, కాగితాలు, కొవ్వొత్తులు చేసే మైనం, ఎంబ్రాయిడరీ చట్రాలు. డప్పుకి పనికొచ్చేది ఆ చట్రం ఒక్కటే కనబడింది. కొన్నది. ఆ తర్వాత తోలు సామాన్లమ్మే టాండీ దుకాణం. 1919లో టెక్సాస్‌లోనే పుట్టిన వ్యాపారం అది. అక్కడ తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, మెక్సికో వాళ్ళు డబ్బు కట్టి మరీ తోలు పని నేర్చుకుంటున్నారట. బెల్టులు, పర్సులు, కత్తుల ఒరలు. "మేడమ్, ఒక రిటైరయిన బ్యాంకు మేనేజరు చెప్పు కుట్టుకుంటన్నాడు, ఎంత గర్వంగా చూపించాడో" అంది. నేనేం మాట్లాడలేదు. మా తాత కుట్టిన చెప్పులేసుకుని ఆయన గుమ్మం ముందే నడిచిన ఆసాములు, చేతికి తగలకుండా పై నుంచి డబ్బులు వేసేవాళ్ళు. అక్కడ అది హాబీ. వినుకొండలో పుట్టిన జాషువా, 1941 నాటి 'గబ్బిలం'లో తోలు పని చేసే మనిషినే కావ్యానికి నాయకుణ్ణి చేశాడని పదేళ్ళుగా పాఠం చెప్తున్నాను. ఆ నాయకుడు పని చేసే తోలు ఎట్లా తయారవుతుందో నన్ను ఒక్క విద్యార్థీ అడగలేదు. అడిగితే నాకూ తెలియదు. డాక్టరేట్ ఉంది.

తెలిసినాయన మా పెదనాన్న. మర్నాడు పొద్దున్నే పోయాను.

"ఏందమ్మాయ్, అమెరికాలో పలకా? ఎవురన్నా చచ్చారా?"

మా ఇళ్ళల్లో పలక అనే అనేవాళ్ళు. డప్పు అనే మాట నాకు ఉద్యమంతో వచ్చింది. పెదనాన్న పలకని 1985లో గోడకి తగిలించాడు. ఆ జులై 17న కారంచేడు జరిగింది. మాదిగ పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆ తర్వాత మా గూడెం పెద్దలు కూచుని, ఆసాముల చావులకి ఇక పలక కొట్టేది లేదని అనుకున్నారు. అంటే కల్లాల దగ్గర వచ్చే గింజలూ పోయినట్టే, కొందరికి పనీ పోయినట్టే. తొమ్మిదేళ్ళు అది గోడ మీదే ఉంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక, మీటింగులకి పోవడానికి మళ్ళీ దించాడు. మోత మారలేదు, కొట్టించేవాడు మారాడు అంటాడాయన. ఇప్పుడు ప్రభుత్వ పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులని ఒక వర్గం ఉంది. ఆ పింఛను తీసుకుంటూ "ముసలాణ్ణయినాక కళాకారుణ్ణయినా" అని నవ్వుతాడు.

కానీ ఈ సంగతికి నవ్వలేదు. "మీరు చదువుకోవాలనే గదా మేం దాన్ని వదిలిపెట్టింది. ఆ పిల్ల తల్లి బట్టీలో దుమ్ము మింగి పంపిచ్చింది కంప్యూటర్లు చదవమని. తోలు గీకమని కాదు. అయినా ఆడపిల్లకి పలకేంది?"

చివరి మాటకి నాకు ఒళ్ళు మండింది. నేను ఆయన తమ్ముడి కూతుర్ని. ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న పలక తీసి ఒక్క దెబ్బ వేశానని వీపు మీద నాలుగు పడ్డాయి. తప్పట్లు కొట్టొచ్చు, ఏడవొచ్చు, పలక మాత్రం ముట్టకూడదు. ఆ రోజు ఆయనతో గట్టిగానే వాదన పెట్టుకున్నాను. పెద్దమ్మ మధ్యలో వచ్చి, "చావుకి కొట్టమంటే వద్దను. అంబేద్కరుకి కొడతానంటే నీకేంది నొప్పి?" అంది. దాంతో మెత్తబడ్డాడు. నా చదువు చేయలేని పని.

ఇక చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. ఫోన్లో రికార్డు చేశాను, నలభై నిమిషాలు. మేక మధ్యరకంది కావాల. మరీ లేతదైతే చిరుగుద్ది, ముసలిదైతే మోత మూగబోద్ది. తోలుకి కత్తి గాట్లు ఉండకూడదు. సున్నపు నీళ్ళలో నానేస్తే మూడు నాలుగు రోజులకి వెంట్రుక దానంతటదే వదులుద్ది, మొద్దు కత్తితో తోస్తే ఊడొస్తది. చలిలో ఇంకా రెండు రోజులు పడుద్ది. లోపలి పక్క కండ పొరలు గీకాల. ఆ తర్వాత సున్నం పోయేదాకా కడగాల, పది నీళ్ళు మార్చినా తప్పు లేదు. సున్నం మిగిలితే తోలు పెళుసెక్కుద్ది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానేసి, రుబ్బి, ఉడికిస్తే బంక. చట్రానికి బంక పూసి, తడి తోలు కప్పి, చుట్టూ బొక్కలు పొడిచి, తోలు వారుతోనే వెనక వల లాగా లాగి కట్టాల. నీడకి ఆరాల, ఎండకి కాదు. చట్రం సన్నదైతే తోలు బిగిసేటప్పుడు వంకరపోద్ది.

(కొండపల్లి బొమ్మల ముక్కల్ని అతికే మక్కు కూడా చింతగింజల పొడితోనే చేస్తారు. ఆ బొమ్మలు షోకేసుల్లో ఉంటాయి. నిమ్మలకుంటలో మేకతోలు మీద బొమ్మలు గీస్తే తోలుబొమ్మ కళ, 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది, రావాల్సిందే. అదే తోలు, అదే బంక పలకకి ఎక్కితే ఊళ్ళో దానికి పేరు వేరే.)

చట్రం గురించి ఆయన చెప్పింది నిజమే. ఎంబ్రాయిడరీ చట్రం రెండో రోజుకే పులిహోర విస్తరిలా ముడుచుకుపోయిందట. అది తోలు ముక్కతో చేసిన ప్రయోగం. తర్వాత పాత సామాన్ల దుకాణంలో విరిగిన డ్రమ్ సెట్ దొరికింది. అందులో పదహారు అంగుళాల చెక్క డ్రమ్ముని నాలుగు అంగుళాల వెడల్పున కోయించింది. గట్టి చట్రం.

మేక తోలుకి కష్టమే లేదట. ఊరి బయట కబేళాకి వారం వారం మన తెలుగువాళ్ళే కార్లు వేసుకుని మటన్‌కి పోతారు. తోలు అడిగితే అక్కడివాళ్ళు ఆశ్చర్యపోయి ఊరికే ఇచ్చారు. ఇన్నేళ్ళలో కాళ్ళు అడిగారు, తలకాయ అడిగారు, పేగులు అడిగారు, తోలు ఎవరూ అడగలేదన్నారట.

సున్నం, చింతగింజలు మాత్రం మన ఇండియన్ షాపుల్లో దొరకలేదు. అక్కడ గింజ తీసిన చింతపండే. రెండూ మెక్సికో వాళ్ళ దుకాణంలో, ఒకే కప్పు కింద దొరికాయి. వాళ్ళు చింతకాయ పెంకుతోనే అమ్ముతారు, నీళ్ళలో పిసికి పంచదార కలిపి తాగడానికి. సున్నాన్ని 'కాల్' అంటారు. మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, పొట్టు తీసి, ఆ పిండితో రొట్టెలు చేస్తారు. వేల ఏళ్ళ నాటి పద్ధతి. మన దగ్గర గోడకీ ఆకువక్కకీ తోలుకీ వాడేది, వాళ్ళకి అన్నం వండుకునే సామాను. పిడుగురాళ్ల పిల్ల చేతికి సున్నం అట్లా వచ్చింది.

అసలు కథ ఇక్కడ మొదలైంది.

బకెట్ బాల్కనీలో పెట్టింది. ఆ ఇంట్లో ఇంకో ముగ్గురు తెలుగమ్మాయిలు. మూడో రోజు వాసన. ఏంటిది అన్నారు. మేక తోలన్నది. ఎందుకన్నారు. డప్పుకన్నది. కాసేపు ఎవరూ మాట్లాడలేదట. తర్వాత ఒకమ్మాయి చాలా మర్యాదగా, "మీ ఇంటిపేరు ఏంటన్నావ్?" అని అడిగింది. ఏడాదిన్నరగా ఒకే కుక్కర్లో అన్నం వండుకు తింటున్నవాళ్ళు. మర్నాటి నుంచి కుక్కర్లు రెండయ్యాయి. ఎవరూ ఏమీ అనలేదు. అనరు. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర సభ కుల వివక్షని నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియా చట్టసభ ఆమోదించిన బిల్లుని గవర్నరు అక్టోబరు 7న తిప్పికొట్టాడు. ఆ బిల్లు వద్దని మనవాళ్ళు ఎంత గొడవ చేశారో మీకు తెలుసు. అక్కడ కులం లేదు గదా అన్నారు. కులం లేని చోట రెండో కుక్కర్ ఎందుకో మరి.

ఆ రాత్రి ఫోన్ చేసి, "పారేద్దామా మేడమ్?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇది నిజాయితీగా రాయాలి. వేదికల మీద ఆత్మగౌరవం గురించి గంటసేపు మాట్లాడగలను. కానీ పీహెచ్‌డీ హాస్టల్లో మూడేళ్ళు, మీ నాన్న ఏం చేస్తారంటే వ్యవసాయం అన్నాను. మాకు సెంటు భూమి లేదు. మా నాన్న చనిపోయిన రోజు మా వాళ్ళు పలకలు కొడుతుంటే, వెనకాల ఫోన్లో మాట్లాడుతున్న నా రూమ్మేట్‌కి ఆ మోత వినబడకూడదని ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాను. ఆ తలుపు సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్లకి ఆ రాత్రి చెప్పాను. పారేయమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు. అద్దె ఇంటి ఒప్పందం ఇంకా ఆరు నెలలుందని నాకు తెలుసు. ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేసి నేను నా ఇంట్లో నిద్రపోతాను, ఆ పిల్ల అక్కడ పడుకోవాలి.

అటు వాళ్ళ దగ్గరేమీ లొంగకుండా, ఇటు గొడవా పడకుండా బకెట్ మోసుకుని ఓక్ క్లిఫ్ అనే పేటలో ఉన్న మెక్సికో స్నేహితురాలి ఇంటికి పోయింది. ఆ ఇంటి నాయనమ్మ పెరట్లో చోటిచ్చింది. ఆమెకి ఇంగ్లీషు రాదు, ఈ పిల్లకి స్పానిష్ రాదు. మనుమరాలు ఇంట్లో లేని పూట ఇద్దరూ కలిసి తోలు గీకారు. ఆమె తన ఊళ్ళో మేకల్ని ఒలిచిన మనిషట. చేతికి తొడుగులు లేకుండా సున్నంలో పెట్టొద్దని సైగలతో తిట్టిందట. మా అమ్మలకి బట్టీలో ఆ తొడుగులు ఎవరూ ఇవ్వలేదు.

చదువుతుంటే ఇంకో సంగతి కనబడింది. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో దగ్గర నల్లజాతి బానిసలు డ్రమ్ములు మోగిస్తూ తిరగబడ్డారు. మర్నాటి ఏడు, 1740లో, బానిసలు డ్రమ్ము ముట్టకుండా అక్కడ చట్టం చేశారు. వాళ్ళని కొట్టొద్దన్నారు, మనల్ని కొట్టి తీరాలన్నారు. ఆ పిల్లకి ఇది మెసేజ్ పెడితే, "మేడమ్, పరీక్షలున్నాయి, తర్వాత చదువుతా" అంది.

ఏప్రిల్ 14 ఆ ఏడు ఆదివారం పడింది. అక్కడ పొద్దున పదకొండు, మాకు రాత్రి తొమ్మిదిన్నర. పెదనాన్న ఇంట్లో మంచం మీద నేను, పెద్దమ్మ, ఆ పిల్ల తల్లి, పక్కింటివాళ్ళు ఇద్దరు. ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించాం. అక్కడ పార్కులో మాంసం కాల్చుకునే ఇనప పొయ్యిలుంటాయి. వరిగడ్డి లేదు కాబట్టి ఆ బొగ్గుల సెగ మీదే డప్పు కాచింది. తోటలో మొక్కలకి ఆనించే వెదురు బద్దని చెక్కి చిటికెన పుల్ల చేసుకుంది. పక్కన నీలం చీర కట్టుకున్న మెక్సికో నాయనమ్మ. రూమ్మేట్లలో ఒకమ్మాయి వచ్చిందట, దూరంగా కారు దగ్గరే నిలబడి చూసిందట. ఎందుకు వచ్చిందో ఆ పిల్లకీ తెలియదు.

మొదటి దెబ్బకి ఆ పిల్ల తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దరువు నిలబడలేదు, మధ్యలో రెండుసార్లు తప్పింది. పెదనాన్న కళ్ళు మూసుకుని వింటున్నాడు. అయిపోయాక ఎవరూ ఏమీ అనకముందే ఫోన్ దగ్గరికి ఒంగి, "అమ్మాయ్, కుడిపక్క వదులుంది. ఇంకాసేపు కాచి మళ్ళీ కొట్టు" అన్నాడు.