మలినము ఎచ్చట పుట్టుచున్నది?

గాలి చెడినది, నీరు చెడినది అని నేడు పసిపిల్లలు సహితము చెప్పుచున్నారు. ఎవరు చెరిపిరి అని అడిగినచో మాత్రము ప్రతివాని వ్రేలును పొరుగువాని ఇంటినే చూపును. పల్లెవారు పొగగొట్టమును చూపుదురు. పట్టణమువారు పొలములో లేచు పొగను చూపుదురు. నేను జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతపు సంఘములలో చాలకాలముగా తిరుగుచున్నవాడను. 2016 అక్టోబరులో ఇవి వేరు వేరు జిల్లాలైనవి గాని, వీటి గాలికిని నీటికిని సరిహద్దు రాళ్లు లేవు. మలినము పుట్టుచోటును వెదకుచు నాతో కొంతదూరము నడువుము.

మొదట భూపాలపల్లికి పోదము. అచ్చట సింగరేణి బొగ్గుగనులున్నవి. దాపుననే చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రము కలదు. దానిలో ఒక యూనిట్ 500 మెగావాట్లది, మరియొకటి 600 మెగావాట్లది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు మెండు. నూరు బండ్ల బొగ్గు కాల్చినచో ఇంచుమించు 30 మొదలు 40 బండ్ల బూడిద మిగులును. ఇట్టి కేంద్రములలో పొగ పైకి పోకమునుపే యంత్రములు బూడిదలో అధికభాగమును పట్టుకొనును. పట్టువడని సన్నని ధూళియు గంధకపు వాయువును గాలిలోనికి పోవును. పట్టుకొన్న బూడిద ఇటుకలకును సిమెంటునకును పోయినంత మేలు. కుప్పగా మిగిలి ఎండినది వేసవి గాలికి మరల లేచును. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము థర్మల్ కేంద్రముల పొగకు హద్దులు నిర్ణయించెను. గంధకమును గూర్చిన గడువు మాత్రము పలుమారులు పొడిగింపబడెను.

ఈ సంగతులు ఒక గృహకూటములో చెప్పుచుండగా గనిలో పనిచేయు యువకుడొకడు లేచి, “అయ్యగారూ, బొగ్గు ఆగితే మా ఇంట్ల పొయ్యి ఆగుతది. మరి మమ్మల్నేం జేయమంటరు?” అని అడిగెను. అతని తల్లి ప్రక్కనే కూర్చుండి దగ్గుచుండెను. ఒకే ఇంటిలో అన్నమును దగ్గును ఒకే గనినుండి వచ్చుచున్నవి. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. కాబట్టి నేను మరియొక ప్రశ్న వేయుచున్నాను: ఆ బొగ్గు ఎవరికొరకు మండుచున్నది?

దీనికి జవాబు కొంత జనగామలో దొరకును. అది మెట్టప్రాంతము, క్రింద నల్లరాయి, పైన కొద్దిపాటి వాన. మోటబావులు ఎండిన పిమ్మట బోర్లు వచ్చెను. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత కరెంటు ఇయ్యబడెను. రైతునకు అది గొప్ప ఊరట. కాని మోటారు ఆగకుండ తోడినకొలది నీరు లోతునకు దిగును. మన రాతిలో సహజముగనే ఫ్లోరైడు కలదు. రాతిలో బహుకాలము నిలిచిన నీటిలో అది కరగును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టును. మిక్కిలి హెచ్చైనచో ఎముకలు వంగును. ఆ విషమును ఏ ఫ్యాక్టరీయు కలుపలేదు. అయినను లోతునుండి పైకి తెచ్చినది మన మోటారే. దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు ఈ మెట్టకు చేరుచుండుట మేలు. అయితే ఆ నీటిని ఎత్తుటకును కరెంటు కావలెను. భూపాలపల్లి బూడిదకును జనగామ వరిమడికిని నడుమ ఒక తీగ ఉన్నదని గ్రహించితివా?

ఇక మహబూబాబాద్ మిరపతోటలు చూడుము. 2021–22లో నల్లతామర పురుగు మిరపపూతను నాశనము చేసెను. అప్పు తెచ్చిన రైతు భయపడి మందుమీద మందు కొట్టెను. పురుగు లొంగలేదు, దానిని తిను మేలుచేయు పురుగులు మాత్రము చచ్చెను. మందు కొట్టినవాని ఊపిరిలోనికి కొంత, వాగులోనికి కొంత పోయెను. ఎండోసల్ఫానును 2011లో సుప్రీంకోర్టు ఆపివేసెను గాని, ఒక మందు పోయినచో వేరొకటి దుకాణమునకు వచ్చును. ఇచ్చట మలినము దురాశనుండి మాత్రమే పుట్టలేదు. అప్పునుండియు, భయమునుండియు, దుకాణదారుని మాటతప్ప వేరు సలహా లేకపోవుటనుండియు పుట్టినది.

చదువరీ, ఈ మూడు చోట్ల ఒకే సంగతి కనబడుచున్నది. మేలు ఒకచోట, కీడు మరియొకచోట చేరినప్పుడు, మేలు పొందువాడు కీడును చూడడు. దీపము వెలుగుచోట బూడిద రాలదు. మిరపపొడి తినువాడు మందుడబ్బా మోయడు. ఆ చూడకుండుటయే మలినమునకు ఊట.

కావున గని మూయుమని నేను ఆ యువకునితో చెప్పలేదు. బొగ్గు లారీలకు పట్టా కప్పుమనియు, దారిలో నీళ్లు చల్లుమనియు, ఊరివారి ఊపిరితిత్తులను పరీక్షింపుమనియు అడుగుట నీ హక్కని చెప్పితిని. 2006 నాటి కేంద్ర నిబంధన ప్రకారము క్రొత్త పెద్ద గని తెరచుటకు ముందు సాధారణముగా ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగవలెను. అట్టి సభకు మన సంఘస్థులు వెళ్లి నెమ్మదిగా, నిజముగా మాటలాడవలెను.

మరి మనచేతిలో ఉన్నవి? ఏటేట బోరునీటిని పరీక్ష చేయించుము. వానాకాలములో ఇంకుడుగుంట త్రవ్వుము. నీటికరవు చేనిలో వరికి బదులు కందియో పెసరయో వేయుము. మిరపలో నీలిరంగు జిగురు అట్టలు కట్టుము. మందు కొట్టకమునుపు వ్యవసాయాధికారిని అడుగుము. ఖాళీ మందుడబ్బాను వాగులో కడుగవద్దు. దానిలో నీళ్లు పట్టవద్దు. పత్తికట్టెను కాల్చక ముక్కలు చేసి దున్నివేయుము. ప్రార్థనాలయపు పండుగలైన మరునాడు ప్లాస్టిక్ గ్లాసులను పెరటిలో తగులబెట్టవద్దు. ఆ పొగ మొదట మన బిడ్డలకే చేరును.

ఇవి చిన్నపనులే. ఇవి చేసినంతమాత్రమున పెద్దవారి బాధ్యత తీరదు. కాని తన వాకిలి ఊడ్చుకొన్నవాడు పొగగొట్టము ఎదుట నిలిచి అడిగినప్పుడు, వాని మాటకు బరువుండును. దేవుడు మనకప్పగించిన ఈ నేలను మన మనుమలకు ఏ స్థితిలో అప్పగింతుము? ఈ వారము నీ ఇంటివారితో కూర్చుండి ఆలోచింపుము.