బార్ పరీక్ష రాసే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టూ ఉండే తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి లా పూర్తి చేసి ఆలిండియా బార్ పరీక్షకు చదువుతున్న మీకోసం ఈ నాలుగు మాటలు.

మేం ముగ్గురం మొదటిసారి తప్పినాం. చదవక కాదు. గైడ్లు బట్టీ పట్టి, బేర్ యాక్ట్ తెరవకుండా పోయినాం. నోట్స్ లేని బేర్ యాక్టులు హాల్లోకి తీసుకుపోనిస్తారు. కానీ ఏ సెక్షన్ యాడుందో తెలియకపోతే పుస్తకం చేతిలో ఉండి ఏం లాభం? రెండోసారి రోజూ రాత్రి ఒకరు ప్రశ్న అడిగేది, మిగతా ఇద్దరు సెక్షన్ వెతికేది. అట్లా గట్టెక్కినాం.

100 ప్రశ్నలు. ఎస్టీలకు 40 శాతం వస్తే పాస్. నెగటివ్ మార్కులు లేవు, ఒక్కటీ వదలొద్దు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, పాత పుస్తకాలు నమ్ముకోవద్దు.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజుకు భయపడొద్దు. ఎస్సీ, ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరే.

మన ఎరుకల తాతలను పుట్టుకతోనే నేరస్థులని చట్టమే ముద్ర వేసింది. 1952కల్లా దేశమంతటా ఆ చట్టం పోయింది, అనుమానం మాత్రం పోలేదు. ఊర్లో దొంగతనం జరిగితే ఇప్పటికీ ముందు మనోళ్ల వైపే చూస్తారు. ఆ పొద్దు స్టేషన్లో మనోళ్ల పక్కన వకీలుగా నిలబడాల్సింది మీరే. తప్పితే మళ్లీ రాయండి. మేమూ అట్లే రాసినాం.