అతుకు

ఇస్నాపూర్‌ చౌరస్తా నుంచి పాశమైలారం ఫ్యాక్టరీల వైపు వెళ్లే దారిలో ఓ రేకుల గది. రాత్రి షిఫ్టు దిగొచ్చిన కుర్రాడు పడుకోకుండా గిటార్‌ తీశాడంటే పక్క వాటాలోని ఇంటామెకు తెలిసిపోతుంది. "ఏం బిడ్డా, నీ పాటకు ఎక్కిళ్లు ఇంకా తగ్గలేదా? ఇన్ని నీళ్లు తాగియ్యరాదు!" అంటుంది.

ఆమె అన్నది నిజమే. అతని కాలి దగ్గర అరచేతిలో పట్టేంత లూప్‌ పెడల్‌ ఉంటుంది. ఒకసారి తొక్కితే వాయించింది రికార్డవుతుంది. రెండోసారి తొక్కితే అదే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. 1973లో ఫ్రిప్‌, ఈనో అనే ఇద్దరు ఆంగ్లేయులు రెండు టేపు రికార్డర్ల మధ్య ఒకే టేపును నడిపి చేసింది ఇలాంటి పనే. ఇప్పుడది ఒక్క బటన్‌. అయితే ఆ తొక్కడం పిసరంత ఆలస్యమైందా... చుట్టు చుట్టుకీ ఒక ఎక్కిలి!

పెడల్‌లోని ఆ ఎక్కిలి ఈ కుర్రాడిది కాదు. జార్ఖండ్‌ నుంచి వచ్చి, అదే గదిలో ఉన్న వడ్రంగి స్నేహితుడిది. గిటార్‌ పట్టుకోవడం నేర్పింది అతనే. 2020 మే 1న లింగంపల్లి నుంచి హటియాకు వలస కూలీలతో శ్రామిక్‌ రైలు కదిలింది. కంది ఐఐటీ నిర్మాణంలో పనిచేసినవాళ్లు అందులో వెళ్లారు. ఆ తర్వాతి రైళ్లలో ఒకదాంట్లో స్నేహితుడూ వెళ్లిపోయాడు. ముందురోజు రాత్రి అతను వాయించిన నాలుగు కార్డులు పెడల్‌లో మిగిలాయి. కరెంటు తీసేసినా చెరగవు. కానీ ఈ పెడల్‌లో చోటు ఒక్క లూప్‌కే. కొత్తది కావాలంటే పాతది పోవాల్సిందే.

అందుకే దాని మీదే వాయించుకుంటూ వచ్చాడు, తనది రికార్డు చేయకుండా.

స్నేహితుడు చేసింది కొత్తవాళ్లందరూ చేసే తప్పే. ఆఖరి దెబ్బ కొట్టి, మోత ఆగాక తొక్కాడు. వాక్యం అయ్యాక చుక్క పెట్టినట్టు! లూప్‌కు చుక్క ఉండదు. నాలుగు కార్డులకు నాలుగేసి దెబ్బలంటే పదహారు. తొక్కాల్సింది పదహారు మీద కాదు, మళ్లీ 'ఒకటి' పడేచోట. తాళం వేసేవాళ్ల భాషలో సమం మీద.

రెండో కిటుకు హనుమాన్‌ గుడి భజనలో దొరికింది. అక్కడ ఒక వరస గొంతు పూర్తిగా ఆగకముందే ఎదుటి వరస అందుకుంటుంది. ఖాళీ ఉండదు. గిటార్‌కైనా అంతే. మొదటి చుట్టు ఉత్తినే వాయించాలి. చెయ్యి ఆపకుండా రెండో చుట్టు 'ఒకటి' మీద తొక్కాలి. వెనకటి కార్డు మోత కూడా రికార్డు మొదట్లో పడుతుంది. మూడో చుట్టు 'ఒకటి' మీద మళ్లీ తొక్కాలి, అప్పుడూ చెయ్యి ఆగకూడదు. ఇక అతుకు ఆ మోత కింద దాక్కుంటుంది. మడమ నేలకు ఆనించి ముందు పాదంతో తొక్కితే కాలు తడబడదు.

అన్నీ తెలిశాయి. తుడవడానికే చెయ్యి... కాదు, కాలు రాలేదు.

పాత లూప్‌ను ఫోన్‌లోకి ఎక్కించుకున్నాడు. ఫోన్‌లో వింటే అది పాట. పెడల్‌లో ఉంటే మనిషి పక్కన కూర్చున్నట్టు. వీడియో కాల్‌లో చెబితే స్నేహితుడు పగలబడి నవ్వాడు. "అరే భాయ్‌, ఇంకా ఉంచావా? తుడిచెయ్‌!" అన్నాడు. ఆ తర్వాత కూడా రెండు వారాలు ఆగాడు.

వీక్లీ ఆఫ్‌ రోజు పొద్దున బటన్‌ను అదిమిపట్టాడు. లైటు ఆరింది. నాలుగు కార్డులు, మొదటి చుట్టు ఉత్తినే, రెండో చుట్టుకు తొక్కు, మూడో చుట్టుకు మళ్లీ తొక్కు. తిరిగింది. ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో అతనికే తెలియలేదు.

ఇంటామె చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కాసేపు విన్నది.

"ఎక్కిళ్లు పోయినయి గానీ బిడ్డా... ఆ పిలగాని పాట ఏడికి పోయింది?"